బండి లోపల వీధి

మండుతున్న బొట్టు గచ్చు మీద పడ్డాక కూడా ఆరలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. ముక్క అంటుకోవడం చూసి కాదు, ఆ బొట్టు చూసి.

అంతకుముందు దాకా అది మామూలు ఆదివారం. అత్తయ్య చంటివాడికి తలంటి పోసి, కుంపట్లో సాంబ్రాణి వేసి, వాడి జుట్టుకి పొగ పట్టించి లోపలికి తీసుకెళ్ళింది. నాలుగేళ్ళ మా రెండో అమ్మాయికి తన గుడ్డబొమ్మకి కూడా పొగ పట్టాలనిపించింది. సాంబ్రాణి డబ్బా అందలేదు. వాళ్ళ నాన్న అరుగు మీద పరిచి వెళ్ళిన రెక్సిన్ ముక్కల్లోంచి అన్నిటికంటే ఎర్రగా ఉన్నదాన్ని ఏరి నిప్పుల మీద పెట్టింది.

నేను తడిబట్టలు ఆరేస్తున్నాను. ముందు నల్లటి పొగ వచ్చింది, ఆ వెంటనే భగ్గుమంది. పిల్లని రెక్క పట్టుకుని లాగి, పట్టకారుతో ముక్కని పైకెత్తాను. ఎత్తితే ఆరుతుందనుకున్నాను. వెనక అతికించిన స్పాంజి నెయ్యిలా కరిగి, ఒక్కో బొట్టూ మంటతో సహా కిందికి జారింది. ఒకటి బొమ్మ పరికిణీకి తగిలి చిల్లు పడింది. బకెట్లో మిగిలిన స్నానం నీళ్ళన్నీ గుమ్మరించాను.

పిల్ల ఏడవలేదు. "అమ్మా, బొమ్మకి జలుబు తగ్గిందా?" అంది.

ఆ ముక్క మా వ్యాను లోపలికి ఎంచిన ముక్క. బుధవారం నాడు అదే రకం రెక్సిన్ని బండి లోపల పక్కలకీ, తలుపులకీ, నెత్తిమీద కప్పుకీ అతికించబోతున్నారు. నా పిల్లలు రోజూ కూర్చునేది ఆ కప్పు కిందే.

మావారు అన్నదమ్ముల ఉమ్మడి వ్యవసాయంలోంచి బయటికొచ్చి, సొంతంగా ఏదైనా చెయ్యాలని రెండేళ్ళు తిరిగి, చివరికి వేలంలో ఒక పాత వ్యాను పాడుకున్నారు. అరవయ్యో దశకం చివర, చంటివాడు పుట్టిన ఏడు. ఇంజను బాగుంది, బాడీ అంతా తుప్పు. దాన్ని తెనాలిలో ఒక షెడ్డుకి తోలి కొత్త బాడీ కట్టిస్తున్నారు. మేం ఉండేది చెరుకుపల్లికీ రేపల్లెకీ మధ్య ఒక ఊళ్ళో. పొద్దున పూట ఊళ్ళో పిల్లల్ని రేపల్లె బడికి దింపడం, మిగతా వేళల్లో పెళ్ళిళ్ళకీ, బాపట్ల ఆస్పత్రికీ, నిజాంపట్నం వెళ్ళే చేపల వర్తకులకీ బాడుగకి తిప్పడం ఆయన ఆలోచన. బడికి వెళ్ళే పిల్లల్లో మొదటి ఇద్దరూ మా అమ్మాయిలే.

ఇనపచట్రం, బయటి రేకు మేస్త్రి చూసుకుంటాడు. లోపల వేసే పలకలు మాత్రం ఎలా ఉండాలో బండిగలవాళ్ళే చెప్పాలట. అందుకని మావారు తెనాలి కొట్లన్నీ తిరిగి సంచీ నిండా ముక్కలు తెచ్చారు. రెక్సిన్లు, వార్నిషు పట్టించిన చెక్కలు, మైకా షీట్లు, అల్యూమినియం రేకు, ముతక గుడ్డలు. ఆ వారమంతా మా అరుగు తిరునాళ్ళలా ఉండేది.

"నలుపు వద్దురా అబ్బాయ్, పెళ్ళివాళ్ళు ఎక్కరు," అంది అత్తయ్య.

"పోనీ తెలుపు?"

"తెలుపైతే ఆస్పత్రి బండి అనుకుంటారు."

ఎదురింటి పిన్నిగారు పచ్చ ముక్కని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది తీసుకోండమ్మాయ్. ఎవరైనా వాంతి చేసుకున్నా కనపడదు," అంది. ఆ మాటతో పచ్చరంగు మీద అందరికీ మోజు పోయింది.

నేను నా పద్ధతిలో పరీక్షలు పెట్టాను. ప్రతి ముక్కకీ ఒక మూల కొబ్బరినూనె, ఒక మూల పసుపు, ఒక మూల రొయ్యలు కడిగిన నీళ్ళు, నాలుగో మూల తాంబూలం ఉమ్మి. ఆ చివరిది అత్తయ్య ఉత్సాహంగా తనే సమకూర్చింది. ఎండలో పెట్టి మర్నాడు తుడిచి చూశాను. గుడ్డలు నూనె తాగేశాయి. మైకా తళతళలాడింది గానీ అంచులు లేచాయి. ఎర్ర రెక్సిన్ మాత్రం ఒక్క తుడుపుకి కడిగిన కంచంలా అయింది. స్పాంజి పెట్టి మధ్యమధ్య గుండీలు కుడితే పెళ్ళి పల్లకీలా ఉంటుందని మావారు రెండు తానులు కొనేశారు. బాగుందని నేనే అన్నాను. ఇన్ని పరీక్షలు పెట్టి నిప్పు సంగతి మర్చిపోయాను. మా బండి ఎక్కే మగవాళ్ళలో సగం మంది నోట్లో చుట్ట లేనిదే ఇల్లు కదలరని తెలిసి కూడా.

ఆ ఆదివారం మధ్యాహ్నం మావారు రాగానే మాడిన ముక్క ముందు పెట్టాను.

"కుంపట్లో వేస్తే ఏదైనా కాలుతుంది కదే. అన్నం వేస్తే మాడదూ?"

"అన్నం మండుతూ బొట్లు బొట్లుగా కారదండీ."

"బండిలో కుంపటి ఎవడు పెడతాడు?"

"మీ బాబాయిగారి నోట్లో ఉండేది ఏంటి మరి?"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. మావారు నవ్వలేదు. "దోమ కుట్టినా డాక్టరు దగ్గరికి పరిగెత్తే మనిషివి నువ్వు," అన్నారు.

అది నిజమే. పడుకోబోయే ముందు పొయ్యి ఆరిందో లేదో రెండుసార్లు చూస్తాను. పడుకున్నాక లేచి మూడోసారి చూస్తాను. అస్తమానం భయపడేవాళ్ళకి వచ్చే చిక్కు అది. అసలు భయం వచ్చిన రోజున ఎవరూ నమ్మరు. అయినా ఒక్క మాట చెప్పేశాను. "ఇది వేస్తే నా పిల్లలు ఆ బండి ఎక్కరు."

ఆయన మాడిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూశారు. "నా పిల్లలే ఎక్కని బండిలో ఊళ్ళోవాళ్ళు వాళ్ళ పిల్లల్ని ఎలా ఎక్కిస్తారు?" అన్నారు చివరికి. కోపంగా కాదు. అన్నదమ్ముల ముందు మొదటి పనే ఇలా ఆగిపోతుందా అన్న దిగులు. ఆ గొంతు విన్నాక, వద్దనడంతో నా పని అయిపోలేదని అర్థమైంది. మరేం వెయ్యాలో కూడా నేనే చెప్పాలి.

పెళ్ళికి ముందు నేను బాపట్లలో కాలేజీ చదువు చదివాను. గుడ్డల గురించి మాకొక ల్యాబు ఉండేది. ఒక్కో దారాన్నీ మంటలో పెట్టి, ఎలా కాలింది, ఏం వాసన వచ్చింది అని రాసుకోవాలి. నూలు కాగితంలా కాలుతుంది. ఉన్ని వెంట్రుకలు మాడిన వాసన వేసి, మంట తీసేస్తే తనంతట తనే ఆరిపోతుంది. నైలాను కరిగి పూసలా గట్టిపడుతుంది. పరీక్షలో పక్కదాన్ని కాలితో తన్ని "నాది నూలేనా?" అని అడిగిన రోజులవి. ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ రికార్డు పుస్తకం తీశాను. గుడ్డ మంటని పట్టుకోకుండా ఉండాలంటే ఏడు పాళ్ళు వెలిగారం, అదే బోరాక్సు, మూడు పాళ్ళు బోరిక్ పౌడరు నీళ్ళలో కలిపి, ముంచి, ఆరబెట్టాలి. నా చేతిరాతే. కింద లెక్చరరుగారి ఎర్ర సిరా టిక్కు.

వెలిగారం పచారీ కొట్లో దొరికింది, బోరిక్ పౌడరు ఇంట్లోనే ఉంది. సోమవారం పాత దుప్పటి ముక్కలు ముంచి ఆరేశాను. పశువుల కొట్టంలో వేలాడుతున్న పాత గొంగళి అంచు కోశాను. మంగళవారం పొద్దున చంటివాడిని ఎత్తుకుని, సంచీలో ముక్కలూ అగ్గిపెట్టే పెట్టుకుని, మావారితో కలిసి రేపల్లెలో తెనాలి రైలెక్కాను. దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. వేమూరు దాటాక, "ఆ గొంగళి కంపు కొడుతోంది," అన్నారు. మాట్లాడారు, అదే చాలనుకున్నాను.

షెడ్డులో మా బండి బయటి రేకు తొడుక్కుని నిలబడి ఉంది, లోపల మాత్రం ఇనపచట్రమంతా కనపడుతూ. మేస్త్రి యాభై దాటిన మనిషి. నేను అగ్గిపెట్టె తియ్యగానే పరిగెత్తుకొచ్చాడు.

"ఇక్కడ వద్దు తల్లీ. అవన్నీ సొల్యూషన్ డబ్బాలు. రెక్సిన్ అతికించే జిగురు. అంటుకుంటే షెడ్డుకి షెడ్డే లేచిపోతుంది."

నేను ఆయన నోట్లో చుట్ట కేసి చూశాను.

"ఇది ఆరిపోయిందేనమ్మా," అంటూ తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"మేస్త్రిగారూ, పొగ వస్తోంది."

చెవి దులుపుకుంటూ మమ్మల్ని బయటికి కాలవగట్టు మీదకి తీసుకెళ్ళాడు. షెడ్డులో పనివాళ్ళంతా మా వెనకే వచ్చారు. మూకుడు బోర్లించి దాని మీద ఒక్కో ముక్కా పెట్టి అంటించాను. మామూలు దుప్పటి ముక్క ఊదితే ఎగిరే బూడిదైంది. వెలిగారంలో ముంచినది పుల్ల ఉన్నంతసేపు నల్లబడి, పుల్ల తియ్యగానే ఆగిపోయింది. గొంగళి చిటపటలాడి, కంపుకొట్టి, ఆరిపోయింది. చెక్క ముక్క అంటుకోవడానికే మూడు పుల్లలు తీసుకుంది.

"చెక్క కాలదని కాదు మేస్త్రిగారూ, పరిగెత్తదు. దిగడానికి టైమిస్తుంది," అన్నాను.

మావారు సంచీలోంచి ఎర్ర ముక్క తనే తీశారు. తనే అంటించి, పుల్లతో పైకి ఎత్తి పట్టుకున్నారు. మొదటి బొట్టు ఆయన చెప్పు పట్టీ మీద పడింది. కాలు విదిలించారు, చెప్పు కాలవలో పడింది. బొట్టు నీళ్ళలో చుయ్యిమంది. పనివాళ్ళు నవ్వు బిగపట్టుకుని నిలబడ్డారు. ఆయన ఒంటి చెప్పుతో నిలబడి, "మేస్త్రీ, రెక్సిన్ పక్కన పెట్టు. ఆవిడ చెప్పింది వెయ్యి," అన్నారు. పెళ్ళయిన ఏడేళ్ళలో నన్ను మూడో మనిషి ముందు ఆవిడ అనడం అదే మొదలు.

మోకాలెత్తు దాకా అల్యూమినియం రేకు. చేపబుట్టల నీళ్ళూ, పిల్లల కాళ్ళూ తగిలే చోటు అది. దాని పైన చెక్క, చెక్క మీద గొంగళి పరుపు, ఆ మీద వెలిగారం పట్టించిన గట్టి గుడ్డ. జిగురు లేకుండా అంచులకి బీడింగు, అంటే సన్న చెక్కపట్టీలు, పెట్టి మేకులు. ఇదీ మేం ఖాయం చేసుకున్నది.

"గుడ్డ అంత గట్టిది కావాలంటే నాటకాల తెరగుడ్డే," అన్నాడు మేస్త్రి. "తెరలు రాసే పెద్దాయన రెండు సందుల అవతలే. ఆయనా ఏదో కలిపిన నీళ్ళలో ముంచుతాడమ్మా. పెట్రోమాక్సు లైట్ల పక్కన వేలాడేవి కదా మరి."

ఆ పెద్దాయన నేల మీద పరిచిన తెర మీద కూర్చుని మేఘాలు వేస్తున్నాడు. నా వెలిగారం లెక్క విని, తన లెక్క చెప్పాడు. ఆయన పటిక కూడా కలుపుతాడట. "ముంచి, రంగేసి ఇస్తాను తల్లీ. ఏం వెయ్యమంటారు? దర్బారా, తోటా, అడవా, వీధా?"

చంటివాడు అప్పుడే ఏడుపు అందుకున్నాడు. అవేవో గుడ్డ రకాల పేర్లనుకుని మావారు, "అడవీ తోటా ఎందుకండీ, వీధే చాలు. వీధుల్లో తిరిగే బండి," అన్నారు.

"మంచిది బాబూ. ఇళ్ళ రంగు?"

ఇళ్ళు అన్న మాట ఏడుపులో మా ఇద్దరికీ వినపడలేదు. రంగు అన్నది వినపడింది. "గంధం రంగు తాతగారూ. చుట్ట కాల్చరాదని కూడా ఎక్కడైనా కనపడేలా రాయండి," అన్నాను.

"చూసినవాడు పారెయ్యాల్సిందే," అన్నాడాయన. లోపలంతా సాదా గంధం రంగు వస్తుందనుకుంటూ ఇద్దరం ఇంటికొచ్చాం.

బండి రావడానికి పది రోజులు పట్టింది. ఈలోగా నాట్లు పడ్డాయి. కొట్టువాడు వెనక్కి తీసుకోనన్న ఎర్ర రెక్సిన్ తానులు రెండూ మా వసారాలో కూర్చుని మావారిని వెక్కిరిస్తున్నాయి. అత్తయ్య కత్తెర తీసుకుని వాటిని బారలు బారలుగా కత్తిరించి, నాట్లేసే ఆడవాళ్ళకి వాన గుడ్డలుగా పంచిపెట్టింది. ముసురులో మా చేలో ఇరవై ఎర్రటి వీపులు వంగి వరసగా కదులుతుంటే రోడ్డున పోయే బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. వానలో అది అంటుకునే భయం లేదు కాబట్టి నేనూ హాయిగా చూశాను.

ఒక సాయంత్రం హారను వినపడింది. మేమంతా బయటికి పరిగెత్తాం. మావారు బండి ఆపి, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నారు, దిగలేదు.

"ఏమైందండీ?"

"లోపల చూడు."

వెనక తలుపు తీశాను. లోపల ఒక వీధి ఉంది.

ఎడమ పక్కన వరసగా ఇళ్ళు, కుడి పక్కన వరసగా ఇళ్ళు. అన్నీ గంధం రంగువే. అరుగులు, స్తంభాలు, నగిషీ తలుపులు, ఒక అరుగు మీద ముడుచుకున్న పిల్లి. ముందుకి పోయేకొద్దీ ఇళ్ళు చిన్నవవుతూ, వీధి డ్రైవరు సీటు దగ్గర సన్నగా ముగుస్తోంది. కప్పు మీద నీలాకాశం, రెండు మేఘాలు. నాటకాలవాళ్ళకి దర్బారు, తోట, అడవి, వీధి అనేవి తెరల పేర్లు. ఏ నాటకానికైనా సరిపోయే నాలుగు తెరలు. మావారు వీధి చాలనగానే ఆయన మనసుపెట్టి వీధి తెర వేసి పంపాడు.

"పెళ్ళివాళ్ళు నవ్వుతారు," అన్నారు మావారు స్టీరింగుతోనే.

అత్తయ్య అప్పటికే లోపలికెక్కి ఒక్కో ఇంటినీ పరీక్షగా చూస్తోంది. "ఇందులో మనదేదిరా?"

"మనది కాదమ్మా. ఎవరివీ కావు."

"అయితే ఈ నాలుగు స్తంభాలది నాది," అని దాని ముందు సీట్లో కూర్చుంది. ఎదురింటి పిన్నిగారు వచ్చి ఎదురిల్లే తీసుకుంది. పది నిమిషాల్లో వీధిలో ఇళ్ళన్నీ అయిపోయాయి. పిల్లి ఇంటికోసం మా అమ్మాయిలిద్దరూ జుట్లు పట్టుకున్నారు. మావారు అద్దంలోంచి వెనక్కి చూసుకుని, నోరు బిగించి బిగించి, ఇక ఆపుకోలేక నవ్వేశారు.

నేను మేస్త్రి పంపిన మిగులు ముక్క తీసి పుల్ల గీశాను. నల్లబడి ఆగింది. ఇంకోటి గీశాను. అదీ ఆగింది. వెనక తలుపు గడియ లోపలి నుంచి పెద్దమ్మాయి చేతికి అందుతుందో లేదో చూశాను. అందింది. అయినా మనసు కుదుటపడలేదు. గుడ్డ అంటుకోదు, సరే. రోజూ రకరకాల మనుషులు ఎక్కుతారు, దిగుతారు, ఒక్కడు మర్చిపోయి సీటు సందులో నిప్పు పడేస్తే? మొదటి నెలంతా పిల్లలతో నేనూ వెళ్ళి రావాలని, చంటివాడి గుడ్డలు సంచీలో సర్దుకున్నాను కూడా.

అప్పుడు మావారి బాబాయిగారు వచ్చారు. ఆయన నోట్లో చుట్ట లేకుండా నేనెప్పుడూ చూడలేదు. పంచాయతీ మీటింగులో కూడా తీసేవారు కాదు. చుట్టతోనే మెట్టెక్కి, వీధిని ఇటూ అటూ చూశారు. ఎడమ పక్క మూడో ఇంటి గోడ మీద, నిజం గోడరాతలాగే కొంచెం వంకరగా, బొగ్గు రంగులో ఉంది: ఈ వీధిలో చుట్ట, బీడీ కాల్చరాదు. ఇట్లు పంచాయతీవారు.

బాబాయిగారు చదివారు. మళ్ళీ చదివారు. కిందికి దిగి, రోడ్డు మీద చుట్ట నలిపి, కాలితో తొక్కి, తిరిగొచ్చి కూర్చున్నారు.

"ఏంటి బాబాయ్, పారేశారే?" అన్నారు మావారు.

"మరి వీధిలో రూలు పెట్టారు కదరా," అన్నారాయన. "ఇంతకీ ఈ వీధికి పంచాయతీ ఎవరు?"

"మా ఆవిడ," అన్నారు మావారు.

ఆ రాత్రి పొయ్యి ఒక్కసారే చూశాను.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరూ జడలు వేయించుకుని, పలకల సంచీలు తగిలించుకుని బండి దగ్గరికి వచ్చారు. ఊళ్ళో పిల్లలు మరో ఎనిమిది మంది అప్పటికే ఎక్కి కేకలేస్తున్నారు. పెద్దది నా చేతుల వంక చూసి, "అమ్మా, నీ సంచీ ఏది? నువ్వు రావా?" అంది.

నేను ఇద్దరికీ ఒకటే చెప్పాను. "నేను రాను. మీరు వెళ్ళి రండి. పిల్లి ఇంట్లో వెళ్ళేటప్పుడు చెల్లి, వచ్చేటప్పుడు నువ్వు. సాయంత్రం వచ్చాక మీ వీధి సంగతులన్నీ నాకు చెప్పాలి."